వ్రాతమూలకమైన ప్రశ్న

ఎన్నికలనాడు ఓటు వేయుటతో తమ పని తీఱినదని తలంచువారు మనలో పెక్కుమంది కలరు. ఓటు సామాన్యముగా అయిదేండ్ల కొకమారు వచ్చును. ఆ నడుమ నుండు దినములలో ప్రభుత్వ శాఖలు ఖర్చుపెట్టిన ధనమునకును, చేసిన పనికిని, చేయక విడిచిన పనికిని లెక్క యడుగువా రెవరు? ఆ భారము మన మెన్నుకొని పంపిన సభ్యులది. దానికై వారికి పెక్కు సాధనము లీయబడినవి. వానిలో మిక్కిలి నిరాడంబరమైనదియు, మా అభిప్రాయమున మిక్కిలి ప్రయోజనకరమైనదియు వ్రాతమూలకమైన ప్రశ్న. దానినిగూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొన్ని మాటలు చెప్పుట యుక్తమని తలంచితిమి.

శాసనసభ యనగానే మన బాలురకు కేకలును, వాగ్వాదములును, సభ్యులు సభనుండి లేచిపోవుటయు జ్ఞప్తికి వచ్చును. పత్రికలలోను, టెలివిజనులోను హెచ్చుగ కనబడునది అదియే. అయితే ఆ సద్దులో ఎవరికిని వినబడని పని యొకటి సభ కూడిన దినములలో జరుగుచునే యుండును. లోక్ సభ సభ్యుడు కనీసము 15 పూర్తి దినములు ముందుగ నోటీసు ఇచ్చి, ఏ మంత్రినైనను ఆయన శాఖకు సంబంధించిన విషయమునుగూర్చి అడుగవచ్చును. ఈ ప్రశ్నలు ముఖ్యముగ రెండు విధములు. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటిమాటగ జవాబు చెప్పవలయును. దానిపై అనుబంధ ప్రశ్నలును వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు జవాబు వ్రాతమూలకముగ సభయెదుట ఉంచబడును, అనుబంధ ప్రశ్నలుండవు. లోక్ సభలో ఒక దినమునకు మొదటి తరగతివి 20, రెండవ తరగతివి 230 మాత్రమే జాబితాలో చేర్తురు. రాజ్యసభలో ఈ సంఖ్యలు 15, 160. కాలము చాలనందున నోటిప్రశ్నలలో పలుమారులు కొన్ని మాత్రమే సభలో విచారణకు వచ్చును. తక్కిన వాని జవాబులును వ్రాతలోనే చేరును.

ఈ హక్కు మనకు ఊరక రాలేదు. 1861వ సంవత్సరపు కౌన్సిళ్ల చట్టము ప్రకారము ఏర్పడిన శాసనసభలలో సభ్యులకు ప్రశ్న యడుగు హక్కు లేకుండెను. 1892వ సంవత్సరపు చట్టము నియమములకు లోబడి దానిని కలుగజేసెను. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదిని భింగా రాజుగారు గవర్నరు జనరలు సభలో మొట్టమొదటి ప్రశ్న నడిగిరి. అది యుద్ధమునుగూర్చియు కాదు, పన్నులనుగూర్చియు కాదు. దొరలు సంచారము చేయునపుడు వారి మకాములకు సరకులు సరఫరా చేయవలసిన పల్లెటూరి దుకాణదారులు పడు ఇక్కట్టులనుగూర్చి. హైదరాబాదు రాజ్యపు పల్లెలలో వెట్టి యను పేర ఇట్టి బాధ ననుభవించిన వారి సంతతివారు నేడును మన మధ్య నున్నారు గనుక, ఆ ప్రశ్నలోని బరువు మన ప్రాంతమువారికి చక్కగ తెలియును. అంత పెద్ద సభలో అంత చిన్న వర్తకుని కష్టము మొదటి ప్రశ్నయగుట గమనింపదగినది. 1909లో ప్రశ్న యడిగిన సభ్యునికి అనుబంధ ప్రశ్న వేయు హక్కును వచ్చెను.

వ్రాతప్రశ్నలో బల మెక్కడ నున్నదో యోచింతము. ప్రశ్న అంగీకరింపబడగానే అది మంత్రిత్వ శాఖకు చేరును. అచ్చటినుండి సంబంధించిన విభాగమునకు పోవును. సమాచారము అచ్చట లేనిచో రాష్ట్రములకును, రాష్ట్రములనుండి జిల్లా కచ్చేరీలకును ఉత్తరములు పోవును. ఏండ్లతరబడి తెఱవని రిజిస్టరు తెఱవబడును. గుమాస్తా లెక్క వ్రాయును. పై యధికారి సరిచూచును. కడపట మంత్రి అంగీకారముతో అది సభకు వచ్చును. పత్రికలవారితో చెప్పిన మాటను మఱునాడు మార్చుకొనవచ్చును గాని, సభయెదుట ఉంచిన జవాబు అట్టిది కాదు. అందు పొరపాటున్నచో మంత్రియే సభకు తెలిపి సరిదిద్దవలయును. కావలెనని అసత్యము చెప్పినచో సభాహక్కుల భంగమని ఆరోపణ వచ్చును. అందుచేత జవాబు వ్రాయువారి కలము మిక్కిలి జాగ్రత్తగ నడచును.

ఇందుకు ఇటీవలి చరిత్రనుండి యొక యుదాహరణము చెప్పెదము. 2020వ సంవత్సరపు వర్షాకాల సమావేశములలో కరోనా వ్యాధి కారణముగ ప్రశ్నోత్తర సమయము నిలిపివేయబడెను. వ్రాతమూలకమైన ప్రశ్న మాత్రమే మిగిలెను. లాక్‌డౌను కాలమున ఇండ్లకు మరలుచు ఎందఱు వలస కూలీలు మరణించిరని సభ్యు లడిగిరి. కోటిమందికి పైగా కూలీలు స్వస్థలములకు చేరిరని లెక్క చెప్పిన కార్మిక శాఖ, మరణముల లెక్క తమయొద్ద లేదని ఆ సెప్టెంబరు 14వ తేదిని లోక్ సభకు వ్రాతలో తెలిపెను. లెక్క లేదు గనుక పరిహారపు ప్రశ్నయే పుట్టదనెను. అదే నెలలో రాజ్యసభలో రైల్వే శాఖనడుగగా, శ్రామిక ప్రత్యేక రైళ్లలో ప్రయాణించుచు సెప్టెంబరు 9వ తేదివఱకు 97 మంది మరణించినట్లు రాష్ట్రముల పోలీసులు తెలిపిరని జవాబు వచ్చెను.

ఈ రెండు జవాబులును చదివినవారికి ఏమి తెలియును? రైళ్లలో పోయినవారి సంగతి పోలీసులయొద్ద లెక్కగ నున్నది. ఒక శాఖ యడిగి తెప్పించుకొనగలిగెను. రోడ్డుమీద నడచిపోయి కూలినవారి సంగతి ఏ శాఖయు పోగుచేయలేదు. "లెక్క లేదు" అను జవాబు ప్రశ్నను ముగించునని వ్రాసినవారు తలచియుందురు. కాని ఆ రెండు మాటలే సాక్ష్యముగ నిలిచినవి. ఎవరిని లెక్కపెట్టవలెనని ప్రభుత్వము తలంచినదో, ఎవరిని తలంపలేదో అవి నేటికిని చెప్పుచున్నవి. తెలుగు జిల్లాలనుండి పొట్టకూటికై దూరదేశములు పోయిన కుటుంబముల పిల్లలు అనేక పాఠశాలలలో చదువుచున్నారు. వారికిది పరుల కథ కాదు.

ఒక ప్రశ్నతో పని పూర్తియగుట అరుదు. జీవిత బీమా సంస్థ 1956లో ఏర్పడెను. మఱుసటి సంవత్సరమే అది హరిదాస్ ముంధ్రా యను వర్తకుని ఆఱు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 25 లక్షల రూపాయలకు కొనెను. ఆ సొమ్ము పాలసీదారులది. 1957లో లోక్ సభలో దీనినిగూర్చి ప్రశ్న రాగా మొదటి జవాబు సూటిగ లేకుండెను. సభ్యులు విడువక మఱల నడిగిరి. డిసెంబరులో ఫిరోజ్ గాంధీగారు సభలో చర్చ లేవదీసిరి. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు బహిరంగ విచారణ జరిపిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారిగారు రాజీనామా చేసిరి. ప్రశ్నలడిగిన వారిలో అధికారములో నున్న పక్షమువారే యుండిరి. ఫిరోజ్ గాంధీగారును ఆ పక్షమువారే. స్వపక్షమువారిని ప్రశ్నించుట ద్రోహమని తలంచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును.

ఇక జవాబు తప్పించుకొను మార్గములును లేకపోలేదు. ప్రశ్నలో అయిదు భాగములుండగా, అన్నిటికిని కలిపి యొకే పేరాలో పథకముల పేర్లు వల్లించి ఊరకుండుట యొకటి. "సమాచారము సేకరింపబడుచున్నది, సభయెదుట ఉంచబడును" అనుట మఱియొకటి. "ఇది రాష్ట్రములకు సంబంధించిన విషయము" అనుట మూడవది. రెండవ దానికి లోక్ సభ మందు కనుగొనినది. మంత్రులు సభకిచ్చిన వాగ్దానములు నెఱవేఱినవో లేదో చూచుటకు 1953లో ప్రభుత్వ వాగ్దానముల సంఘము నేర్పఱచెను. సామాన్యముగ మూడు నెలలలో మాట చెల్లింపవలయునని నియమము. అయినను గడువు మీద గడువు కోరు శాఖలు కలవు. సభ్యుడు మఱచినచో శాఖ సంతోషించును; సభ్యుడు మఱువనిచో జవాబు వచ్చితీఱును.

ఈ ప్రశ్నలవలన ఉద్యోగుల కాలమును, ప్రజాధనమును వ్యర్థమగుచున్నవని కొందఱందురు. ఒక ప్రశ్నకై అనేక కచ్చేరీలు పని మానుకొని లెక్కలు తీయవలసి వచ్చుట నిజమే. అక్కఱలేని ప్రశ్నలు వేయు సభ్యులు కలరనుటయు నిజమే. అంతకంటె హీనమైన సంగతియు జరిగినది. ప్రశ్నలు వేయుటకు ధనము పుచ్చుకొన్నారని వెల్లడికాగా, 2005వ సంవత్సరము డిసెంబరులో లోక్ సభ పదిమందిని, రాజ్యసభ ఒకరిని సభ్యత్వమునుండి తొలగించెను. కాని దీనివలన తేలునదేమి? ప్రశ్నకు విలువ లేనిచో దానిని కొనుటకు ఎవరును ధన మీయరు. అమ్మినవారిని శిక్షింపవలయును, హక్కును తగ్గింపరాదు. లెక్కలు తీయుట భారమను శాఖకు మేము చెప్పునదొక్కటే: రిజిస్టర్లను ఏటికేడు సరిగా వ్రాసియుంచిన కచ్చేరీకి ప్రశ్న భారము కాదు. హాజరుపట్టీ దినదినము వ్రాయు ఉపాధ్యాయుడు ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు తొట్రుపడనక్కఱలేదు గదా!

ప్రశ్న వేయుట యొక విద్య. లోక్ సభ నియమముల ప్రకారము ప్రశ్న 150 మాటలకు మించరాదు. అందు వాదము, వ్యంగ్యము, నిందావాక్యము ఉండరాదు. అభిప్రాయము నడుగరాదు, ఊహాకల్పితమైన విషయము నెత్తరాదు. ఈ నియమములు మా కెంతయో నచ్చినవి. వ్యాసరచన నేర్చు ప్రతి బాలునికిని ఇవి పనికివచ్చును. ఒక సభ్యుడు, "మా జిల్లా పాఠశాలల స్థితి బాగుగ లేదని ప్రభుత్వ మెఱుగునా?" అని యడిగెననుకొందము. "ప్రభుత్వము తగిన చర్యలు గైకొనుచున్నది" అని జవాబు వచ్చును. ఎవరికేమి తెలిసినది? అట్లుగాక, "ఫలానా జిల్లా ఉన్నత పాఠశాలలలో మంజూరైన గణితోపాధ్యాయుల ఉద్యోగములెన్ని? జూన్ 1వ తేదికి ఖాళీలెన్ని? వానిలో ఒక సంవత్సరమునకు మించి ఖాళీగ నున్నవెన్ని? మండలములవారీగ తెలుపవలయును" అని యడిగినచో, జవాబు అంకెలలో రావలసినదే. అంకె చెప్పినను సంగతి బయటపడును. చెప్పకున్నను సంగతి బయటపడును. కోపమును దిగమ్రింగి, తేదిని, స్థలమును, సంఖ్యను అడిగినవాడే శాఖను కదలింపగలడు.

అయితే మా ముఖ్యమైన ఫిర్యాదు శాఖలమీద కాదు, సభ్యులమీదను కాదు. అది మనవంటి చదువరులమీద. వేలకొలది జవాబులు వచ్చుచున్నవి. వానిని చదువువారు బహు స్వల్పము. చదువువారు లేనిచోట సరిగా వ్రాయవలెనను భయ మెవరికుండును? లోక్ సభ, రాజ్యసభలకు వచ్చిన జవాబులను పార్లమెంటువారి ఇంటర్నెట్ పుటలలో ఎవరైనను ఉచితముగ చదువవచ్చును. సభ్యుని పేరునుబట్టియు, శాఖనుబట్టియు వెదకవచ్చును. అవి ఇంగ్లీషులోను, హిందీలోను ఉండుటచేత మన తలిదండ్రులలో అనేకులకు అందుబాటులో లేవు. ఇచ్చటనే మన విద్యార్థుల చదువునకు ప్రయోజనము కలదు. పై తరగతుల బాలబాలికలు నెలకొక జవాబును చదివి, దాని సారమును తెలుగులో వ్రాసి, ఇంట పెద్దలకు చదివి వినిపింపవలెనని మా కోరిక. పాఠశాల వక్తృత్వ సంఘము ఒక జవాబును ముందుంచుకొని, "అడిగినదేమి? చెప్పినదేమి? చెప్పక విడిచినదేమి?" అని మూడు భాగములుగ విచారింపవచ్చును. ఆ మూడవ భాగమునుండియే మఱుసటి ప్రశ్న పుట్టును.

తలిదండ్రులకు మా మనవి యిది. రైలు స్టేషను, తపాలా కార్యాలయము, జాతీయ రహదారి మొదలగువాని విషయమై మీ లోక్ సభ సభ్యునికి వ్రాయుడు. పాఠశాల, ఆసుపత్రి, చెఱువు, పోలీసు ఠాణా విషయమై మీ శాసనసభ్యునికి వ్రాయుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలలోను ప్రశ్నల పద్ధతి కలదు. "మాకు సహాయము చేయుడు" అని మాత్రమే వ్రాయక, "ఈ విషయమునుగూర్చి సభలో ఈ ప్రశ్న వేయుడు" అని ప్రశ్ననే వ్రాసి పంపుడు. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టముచే పౌరులే నేరుగ కచ్చేరీనడిగి, సామాన్యముగ 30 దినములలో జవాబు పొందవచ్చును. ఆ చట్టము క్రింద మీకు వచ్చిన కాగితమును సభ్యునికి జతపఱచినచో ఆయన ప్రశ్నకు బలము చేకూరును. ఆయన అడిగెనో లేదో కనిపెట్టి యుండుడు. మరల ఓటు అడుగుటకు వచ్చిననాడు, ఈ అయిదేండ్లలో మా యూరినిగూర్చి ఎన్ని ప్రశ్నలు వేసితిరని మర్యాదగ అడుగుడు.

తరగతిలో చేయి యెత్తి "అయ్యా, ఇది యెట్లు?" అనిన బాలుని పొగరుబోతని కసరుకొను ఉపాధ్యాయులును, ఇంట "పెద్దల నెదిరింపకు" అని నోరు మూయించు తలిదండ్రులును నేటికిని కలరు. అట్లు పెరిగిన పౌరుడు కచ్చేరీ గుమ్మమున చేతులు కట్టుకొని నిలువబడునే గాని లెక్క యడుగజాలడు. మర్యాద తప్పక, జంకు లేక, తెలియగోరిన దానిని స్పష్టముగ అడుగుటయు, వచ్చిన జవాబును తుదివఱకు చదువుటయు మన బడులలో ప్రతిదినము నేర్పవలసిన పాఠములు. ఈ విషయమున ఉపాధ్యాయులమైన మేము మా వంతు చేయుదుము. తలిదండ్రులు తమ వంతు చేయుదురని నమ్ముచున్నాము.