పట్టుదల ఒక్కటే చాలదు

పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. కష్టాలకోర్చి చదివి మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, పక్కన మిఠాయి తినిపిస్తున్న అమ్మ. ఇంట్లో ఎవరో ఒకరు ఆ ఫొటో మన పిల్లకి చూపించి, ‘చూశావా, పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు’ అంటారు. మాట మంచిదే. కాకపోతే అది సగం మాటే. ఆ పిల్ల చదువుకుంటుంటే ఇంటి పని ఎవరు అందుకున్నారు? ఫీజు కట్టాల్సిన రోజున డబ్బు ఎవరు సర్దారు? ‘చదివింది చాల్లే, పెళ్లి చేసేద్దాం’ అన్నవాళ్లకి ఎవరు జవాబు చెప్పారు? ఈ మిగతా సగం మనం చెప్పుకోం.

నిజానికి కష్టాలు ఓర్చుకోవడం మన ఆడవాళ్లకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టింటివాళ్లు సారెతో పాటు దాన్నీ కట్టి పంపిస్తారు. భూదేవంత ఓర్పు అని మెచ్చుకుంటారు కూడా. కానీ ఓర్పు వేరు, పట్టుదల వేరు. ఉన్నచోటే ఉండి అన్నీ భరిస్తే అది ఓర్పు. ఒక చోటికి చేరాలని బయల్దేరి, దారిలో ఎదురైనవి భరిస్తే అది పట్టుదల. మన ఓర్పు వల్ల ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. పట్టుదలతోనే వస్తుంది చిక్కంతా. ఒకరు చదువుకో, ఉద్యోగానికో బయల్దేరితే, ఇంట్లో మిగిలినవాళ్లు కొంచెం సర్దుకోవాలి. ఆ సర్దుబాటు జరిగిన ఇంట్లో పట్టుదల ఫలిస్తుంది. జరగని ఇంట్లో అదే పట్టుదల, ‘మొండితనం’ అనిపించుకుంటుంది.

అయ్యలసోమయాజుల లలిత గారి జీవితం చూడండి. మన దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీ పొందిన మొదటి మహిళల్లో ఒకరు ఈ తెలుగింటి ఆడపడుచు. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్లకే పెళ్లయింది. 1937లో కూతురు పుట్టింది. పాపకి నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. అప్పటికి ఆవిడ వయసు పద్దెనిమిది. ఆ రోజుల్లో, అటువంటి కుటుంబాల్లో, భర్త పోయిన ఆడదాని బతుకు వంటింటికీ పెరటికీ మధ్యన తెల్లారిపోయేది. లలిత గారు మాత్రం చదువుకుంటానన్నారు.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు. తర్వాత ఏం చదవాలి? డాక్టరు చదువు గురించి ఆలోచించి వద్దనుకున్నారు. డాక్టరంటే అర్ధరాత్రి కబురొచ్చినా పరుగెత్తాలి, చంటిపిల్లని వదిలి వెళ్లాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరుకునే ఉద్యోగం కావాలనుకున్నారు. అలా ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. కన్నతల్లిగా లెక్క వేసుకునే ఆ నిర్ణయం తీసుకున్నారన్నమాట.

ఇప్పుడు ఆ మిగతా సగం వినండి. లలిత గారి తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆ కాలేజీలో అప్పటిదాకా ఆడపిల్ల అడుగు పెట్టలేదు. ఆయన ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడి, పైవాళ్ల అనుమతి తెప్పించి కూతురికి సీటు ఇప్పించారు. పాపని అన్నదమ్ముల ఇంట్లో పెంచారు. లలిత గారు వారమంతా హాస్టల్లో ఉండి, శని ఆదివారాలు వచ్చి కూతుర్ని చూసుకుని వెళ్లేవారు. వందల మంది మగపిల్లల మధ్య ఒక్కర్తే అయిపోయిందని తండ్రి మళ్లీ పూనుకుని, ఇంకా ఆడపిల్లలని చేర్చుకొమ్మని కాలేజీవాళ్లని ఒప్పించారు. మర్నాటి ఏడాది లీలమ్మ జార్జి, పి.కె. త్రేస్య సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఆ త్రేస్య గారే 1971లో కేరళ ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరయ్యారు.

1943లో లలిత గారి చదువు పూర్తయింది. డిగ్రీ సర్టిఫికెట్లో ఇంగ్లీషులో ‘హి’ అనే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో ‘షి’ అని దిద్ది ఇచ్చారు. ఒక ఆడది ఆ కాగితం అందుకుంటుందని అచ్చు వేయించినవాళ్లు అనుకోలేదు మరి! 1948లో కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో చేరారు. అక్కడా అన్నదమ్ముల కుటుంబం ఉంది కాబట్టి పిల్లకి తోడు దొరికింది. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకి వెళ్లారు. దాదాపు ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి 1977లో రిటైరయ్యారు.

ఈ సాయం గురించి చెప్పినందుకు లలిత గారి గొప్పతనం తగ్గిపోదు. తరగతిలో ఒంటరిగా కూర్చున్నది ఆవిడే. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందిందీ ఆవిడే. వారం వారం బిడ్డని వదిలి వెనక్కి తిరిగిన కాళ్లూ ఆవిడవే. కానీ ఆ తండ్రి ‘నలుగురూ ఏమంటారో’ అని జంకి ఉంటే? ‘నీ పిల్లని మేమెక్కడ చూస్తాం’ అని అన్నదమ్ముల ఇంట అనేసి ఉంటే? పట్టుదల అంతే ఉండేది. డిగ్రీ మాత్రం ఉండేది కాదు.

సాయం లేకుండానే పైకొచ్చినవాళ్లు లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. వాళ్లకి దణ్ణం పెట్టాలి. అయితే అంతే పట్టుదల ఉండి మధ్యదారిలో ఆగిపోయినవాళ్లు మన వీధిలోనే ఎంతమంది లేరు? డిగ్రీ రెండో ఏట పెళ్లయి, పరీక్షలప్పుడు నెలలు నిండి, పుస్తకాలు అటక మీద పెట్టేసిన అమ్మాయి ప్రతి వాడలోనూ ఉంటుంది. ‘పట్టుదల ఉంటే సాధించేది’ అని ఆమె గురించి అనేయడం చాలా తేలిక. ఆ ఒక్క మాటతో తప్పంతా ఆమె నెత్తిన రుద్ది, చుట్టూ ఉన్న పదిమందీ చేతులు దులుపుకుంటారు. సగం మాటతో వచ్చే చేటు ఇదే.

ఈ సంగతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి బాగా తెలుసు. ఆవిడకి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి నుంచి బయటికొచ్చారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు. బయటికొచ్చాక బెనారస్ మెట్రిక్ ప్యాసయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీలో చేరదామంటే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయినవాళ్లు ముందుకు రండని పేపర్లో ప్రకటన వేశారు. వచ్చిన అమ్మాయిలతో కలిసి తామే ఒక హాస్టల్ పెట్టుకుని చదువుకున్నారు. 1942లో లా పట్టా కూడా తీసుకున్నారు.

తను గట్టెక్కాను కదా అని అక్కడితో ఊరుకోకపోవడంలోనే ఉంది ఆవిడ పెద్దరికం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలని మెట్రిక్ పరీక్షకి తయారు చేశారు. తర్వాత ఆవిడ మొదటి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లో వయోజన స్త్రీలకి తక్కువ కాలంలో చదువు పూర్తి చేయించే కోర్సులు దేశమంతటా మొదలుపెట్టింది. మీరూ పట్టుదలగా ఉండండి అని ఉపన్యాసం చెప్పి ఊరుకోకుండా, ఆ పట్టుదల నిలబడడానికి ఒక గది, ఒక పంతులమ్మ, ఒక పూట అన్నం ఏర్పాటు చేశారు.

ఈ రోజున దారులు అప్పటికంటే నయం. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. 1991లో ఓపెన్ స్కూల్ వచ్చింది. మానేసిన చదువు ముప్ఫై ఏళ్లప్పుడైనా అందుకోవచ్చు. అయితే దరఖాస్తు నింపడం ఒక ఎత్తు, పరీక్ష రాయడం ఇంకో ఎత్తు. చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని, పొయ్యి మీద ఎసరు పెట్టి, పాఠం ఎక్కించుకోవడం ఎవరి వల్లవుతుంది?

అక్కడే మన వంతు వస్తుంది. అత్తగారయితే పరీక్షల పది రోజులూ వంట తను చూసుకోవచ్చు. పక్కింటి పిన్నిగారయితే మధ్యాహ్నం రెండు గంటలు పిల్లాణ్ణి ఆడించవచ్చు. భర్తయితే ఆదివారం టీవీ ముందు నుంచి లేచి గిన్నెలు తోమవచ్చు. ఇంట్లో ఇంకెవరూ లేనివాళ్లు, పరీక్షకి కట్టిన మరో ఇద్దరు ఆడవాళ్లని వెతికి పట్టుకుని వంతులవారీగా పిల్లల్ని చూసుకోవచ్చు. సాయం అడగడం నామోషీ అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. దుర్గాబాయి అంతటి మనిషే పేపర్లో ప్రకటన వేసి మరీ తోడు పిలిచినప్పుడు, మనకెందుకండీ నామోషీ?

ఈసారి మీ చుట్టాల్లోనో, మీ వాడలోనో ఏ అమ్మాయైనా ‘మళ్లీ చదవాలనుంది’ అంటే, పట్టుదలగా ఉండమ్మా అని చెప్పి పంపేయకండి. పట్టుదల లేకపోతే ఆ మాట మీ దాకా వచ్చేదే కాదు. పరీక్షలెప్పుడో అడగండి. ఆ రోజుల్లో పిల్లని మీ ఇంట్లో వదిలి వెళ్లమనండి.