పట్టాలు బాగుచేశారు.. మరి మనుషుల్ని?

ఛత్తీస్‌గఢ్‌లో గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ రైలు 2025 నవంబర్ 4న సాయంత్రం లాల్‌ఖదాన్ దగ్గర ఆగి ఉన్న గూడ్సును వెనక నుంచి ఢీకొట్టింది. ముందు పెట్టె గూడ్సు మీదికెక్కింది. లోకో పైలట్ సహా కనీసం 11 మంది చనిపోయారు. 20 మంది దాకా గాయపడ్డారు. మృతుల కుటుంబాలకు రూ.10 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.5 లక్షలు, స్వల్ప గాయాలైనవారికి రూ.లక్ష చొప్పున రైల్వే ప్రకటించింది. ఆ దారిలో రైళ్లు మళ్లీ నడిచాయి. బతికి బయటపడ్డవాళ్ల ఆరోగ్యం కుదుటపడటానికి ఎన్నేళ్లు పడుతుందన్న లెక్క మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.

‘స్వల్ప గాయం’ అన్న మాటే మోసం చేస్తుంది. తలకు తగిలిన చిన్న దెబ్బ స్కానింగులో కనిపించకపోయినా మతిమరుపు, చిరాకు, తలనొప్పి నెలల తరబడి వేధించవచ్చు. కాలు తీసేసినవారికి లేని కాలే రాత్రిళ్లు సలుపుతుంది. ఇక మనసు సంగతి. ఆ క్షణమే కళ్లముందు తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే అది వైద్యం అవసరమైన జబ్బే. కొందరిలో ఆరు నెలలు గడిచాక గానీ పూర్తిగా బయటపడదు.

అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న కూలిన విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. విమాన ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషి ఇక విమానం ఎక్కకుండా ఉండవచ్చు. బిలాస్‌పూర్ వాసికి ఆ వెసులుబాటు లేదు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్లో రాత్రంతా హారన్లు మోగుతూనే ఉంటాయి, గూడ్సు పెట్టెలు ఢీకొని గణగణమంటూనే ఉంటాయి. కూలికో, ఉద్యోగానికో పోవాలంటే తెల్లారి మళ్లీ అదే మెమూ ఎక్కాలి. దెబ్బ తిన్న మనసుకు రోజూ అదే దెబ్బ గుర్తుకొస్తుంటే మానేదెప్పుడు?

నిజానికి రైలు ప్రమాదాల తర్వాత వచ్చే ఈ బాధను వైద్యులు ఏనాడో గుర్తించారు. ఇంగ్లండ్‌లోని స్టేపుల్‌హర్స్ట్ దగ్గర 1865 జూన్ 9న జరిగిన ప్రమాదంలో 10 మంది చనిపోయారు. అదే రైల్లో ఉన్న నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు పైకి పెద్ద గాయమేదీ కాలేదు, క్షతగాత్రులకు ఆయనే సాయం చేశారు. ఆ తర్వాత మాత్రం రైలెక్కితే చాలు, ఉన్నట్టుండి భయం కమ్మేసేది. ఆ మరుసటి ఏడాదే ఎరిక్సన్ అనే లండన్ సర్జన్ ఇలాంటి బాధితుల గురించి పుస్తకం రాశారు. ఇది వెన్ను దెబ్బా, మనసు దెబ్బా అని వైద్యులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. పరిహారం కేసులెన్నో ఆ వాదన చుట్టూనే తిరిగాయి.

నూట అరవై ఏళ్లయినా మన చట్టం ఎముకలనే లెక్కపెడుతోంది. రైల్వే పరిహార నిబంధనల పట్టికలో మరణానికి రూ.8 లక్షలు, తెగిన చేతికింత, విరిగిన కాలికింత అని ఉంది. మనసుకు అందులో గడి లేదు. పట్టికలో లేని గాయానికి రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ తన విచక్షణతో పరిహారం ఇవ్వవచ్చు. కానీ దరఖాస్తుకు గడువు ఏడాదే. తగిన కారణం చూపితేనే ఆలస్యాన్ని మన్నిస్తారు. తనకున్నది జబ్బని తెలియని మనిషి ఏ కాగితం తెచ్చి చూపగలడు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. రైల్వే ఇళ్లలో ధైర్యమే మర్యాద. ‘ఏం కాలేదు కదా, డ్యూటీకి వెళ్లు’ అనేది ప్రేమతో అనే మాటే. ఆ మాటకు జడిసి నోరు మూసుకునేవారే ఎక్కువ నష్టపోతారు. శిథిలాల్లోంచి శవాలు తీసిన సిబ్బందికీ ఈ ముప్పు ఉంది.

చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. బిలాస్‌పూర్‌లో రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉంది, సిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పక్కనే సేంద్రీలో రాష్ట్ర మానసిక ఆసుపత్రి ఉంది. గాయపడిన ప్రతి ఒక్కరి పేరూ ఒక రిజిస్టరులో ఎక్కించి, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఆపై ఏటా పిలిచి పరీక్షించాలి. ఆ పరీక్ష కాగితాన్నే ట్రైబ్యునల్ సాక్ష్యంగా తీసుకోవాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. ఆ సంగతి ప్రతి బాధితుడి ఇంటికీ చేరాలి. ఆంధ్రప్రదేశ్‌లోని కంటకాపల్లి రైలు ప్రమాద బాధితులకూ ఇదే వర్తించాలి.

గుండె దడ లేకుండా మళ్లీ ఆ మెమూ ఎక్కి, బాధితుడు లాల్‌ఖదాన్ దాటిన రోజున ఈ ప్రమాదం ఫైలు మూసేద్దాం.