లెక్కల భయంతో బైపీసీయా?

బారువలో ఒక తోటగట్టు మీద మొన్న ఒకాయన గునపానికి కొబ్బరికాయ గుచ్చి పీచు ఒలుస్తూ అన్నాడు: "మా గుంటకి లెక్కలంటే బయం బావూ. అందుకే బైపీసీలో ఏసేస్తన్నాం. డాట్రయిపోద్ది కదా."

పదో తరగతి ఫలితాలొచ్చాక ఉద్దానంలో ఏ అరుగు మీద కూర్చున్నా ఇదే సూత్రం. లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ. నా పేచీ అక్కడే.

డాక్టరు కావాలంటే రాయాల్సిన నీట్‌కి 720 మార్కులు. అందులో బయాలజీ వాటా 360. మిగతా సగాన్ని ఫిజిక్సు, కెమిస్ట్రీ చెరి 180గా పంచుకుంటాయి. 2025 నుంచి మూడు గంటల్లో 180 ప్రశ్నలు, అంటే ప్రశ్నకో నిమిషం. తప్పు రాస్తే ఒక మార్కు కోత. క్యాలిక్యులేటర్ ఉండదు. వాలుబల్ల మీద దిమ్మ ఎంత వేగంగా జారుతుందో ఆ నిమిషంలో తేల్చాలంటే సైన్, కాసైన్ నాలుక చివర ఉండాలి. గుమ్మంలోంచి గెంటేసిన లెక్కలు దొడ్డిదారిన వచ్చి పరీక్ష హాల్లో కూర్చుంటాయి.

ఇంటర్ బోర్డు 2025-26 నుంచి లెక్కలూ బయాలజీ కలిపి చదివే ఎంబైపీసీకి దారి తెరిచింది. ఓపికున్న పిల్లలు చూడొచ్చు. తక్కినవాళ్లు ఈ వేసవిలో పదో తరగతి బీజగణితం, త్రికోణమితి మరోసారి తిరగేస్తే సగం భయం వదులుతుంది.

నిజానికి ఉద్దానం కిడ్నీ జబ్బు వల్ల మన పిల్లలకి వైద్యం పాఠం ఇంట్లోనే మొదలైంది. "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అనేది ఇక్కడ టీబడ్డీ పలకరింపు. డయాలసిస్ చూడండి. పల్చటి పొరకి ఇటు రక్తం, అటు ద్రావణం. మలినం ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి జారుతుంది, అది కెమిస్ట్రీ. ఒత్తిడి తేడాతో ఒంట్లో చేరిన నీరు దిగుతుంది, అది ఫిజిక్సు. ఎన్ని గంటలు, ఎంత నీరు అన్నది లెక్క. ఈ జబ్బుకి మూలం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. తేల్చేవాళ్లకి మైక్రోస్కోపు ఎంత అవసరమో అంకెలు చదవడమూ అంతే అవసరం.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే చదువు మునిగిపోయినట్టూ కాదు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి లాంటివి డాక్టర్లతోనే నడవవు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ టెక్నీషియన్లు కావాలి. 2018లో తిత్లీ తుపాను కూల్చిన తోటల్ని తలచుకుని సాగు చదువు చదవాలనుకుంటే, మన జిల్లాలోనే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. వీటన్నిటికీ బైపీసీయే మెట్టు. ఇష్టపడి ఎక్కినవాళ్లకి ఏ మెట్టు దగ్గర ఆగినా బతుకుంది.

అందుకే ఆయన్ని ఒకటే అడిగాను. "లెక్కలొద్దంది సరే, మీ అమ్మాయి బయాలజీ కావాలందా?"

చేతిలో కాయ పక్కన పెట్టాడు. "అడగనేదు బావూ."

– తీరవాసి