శోకము లేని యుద్ధము

నూర్గురు ఆటగాండ్రు విమానమునుండి పారాచ్యూట్లతో ఒక ద్వీపముపై దిగి, పాడుబడిన యిండ్లలో తుపాకులు వెదకికొని, అరగంట యటునిటుగా ఒకరినొకరు మట్టుపెట్టుకొనగా, తుదకు మిగిలినవారికి విజయము దక్కు పబ్జీ యను క్రీడ 2018లో మన సెల్‌ఫోనులలోనికి వచ్చినది మొదలు, తెలుగునాట దాని పేరెరుగని బాలుడు అరుదు. ఆ వయస్సు బిడ్డలున్న తల్లులతో ముచ్చటించునపుడెల్ల నాకు వినవచ్చు మాట యొక్కటే: "ఎప్పుడు చూసినా కాల్చడం, చంపడమేనండీ! రేపు వీడు ఏమైపోతాడో!"

ఈ భయము నేటిది కాదు. కారుతో మానవాకృతులను గుద్దించు 'డెత్ రేస్' ఆటపై అమెరికాలో 1976లోనే అలజడి రేగెను. 'మోర్టల్ కాంబాట్' వెలువడిన పిమ్మట 1993 డిసెంబరులో ఆ దేశపు సెనేట్ విచారణ జరిపెను. మరుసటి యేడు ఆటలకు వయస్సునుబట్టి ముద్రలు వేయు పద్ధతి యేర్పడెను. అమెరికా మనస్తత్త్వవేత్తల సంఘము 2020లో ప్రకటించిన యభిప్రాయము ప్రకారము, హింసాత్మక క్రీడలకును అరచుట, నెట్టుట వంటి దుడుకుతనమునకును స్వల్పమైన సంబంధము కలదు గాని, హత్యల వంటి ఘోరకృత్యములకు ఆటలే కారణమని చెప్పుటకు తగిన యాధారము లేదు. కావున నీ బిడ్డ హంతకుడు కాడని ఆ తల్లితో నిస్సంకోచముగా చెప్పుదును. అయినను నా మనస్సు నెమ్మదింపదు, కారణము వేరు.

పిల్లలకు హింసాత్మక క్రీడలు అమ్మరాదని కాలిఫోర్నియా చేసిన శాసనమును అమెరికా సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసినపుడు, జస్టిస్ స్కాలియా తీర్పులో గ్రిమ్ సోదరుల కథలను ఉదాహరించి, పసివారి కథలలోనే కావలసినంత క్రౌర్యము కలదనెను. ఆ వాదము చదివినప్పుడు మన భారతము తలపునకు రాక మానదు. దుశ్శాసనుని రొమ్ము చీల్చి భీముడు నెత్తురు త్రాగిన కథను తోలుబొమ్మల తెరముందు రాత్రులు మేల్కొని చూచిన పిల్లలే గదా మన పూర్వులు! వారెవ్వరును ఆ కథ వలన చెడిపోలేదు.

కాని దుర్యోధనుని తొడ విరిగినంతనే భారతము ముగియలేదు. పదునొకండవదియైన స్త్రీపర్వమున, కన్నులకు కట్టిన గంతను విప్పకయే దివ్యదృష్టితో రణభూమిని చూచు గాంధారి, తన కొడుకులకొరకే గాక పగవారి బిడ్డయైన అభిమన్యుని కొరకును, వాని తలను ఒడిలో నిడుకొని విలపించు ఉత్తర కొరకును దుఃఖించును; జయించిన ధర్మరాజు ఆ రాజ్యము తనకు వలదనును. చంపినవాడు, చచ్చినవాని తల్లి యెదుట నిలువబడవలసి వచ్చెను. యుద్ధకథలోని హింసను బాలుని హృదయము సహింపగలుగుట ఆ పర్వము వలననే యని నా దృఢవిశ్వాసము.

పబ్జీలో చచ్చినవాడు పెట్టెగా మారిపోవును. నేను అతిశయోక్తి చెప్పుట లేదు. శరీరముండు చోట ఒక పెట్టె మిగులును, చంపినవాడు పరుగున వచ్చి అందులోని గుండ్లును మందులును దోచుకొనును. చచ్చినవాడును మీట నొక్కి మరుక్షణమే మరొక యుద్ధమునకు పోవును. ఇందులో ఏడ్చువారు లేరు. దినమున కిన్నిమార్లు, ఇన్నేండ్లు, లేత మనస్సు ఈ శోకరహితమైన విజయమునే అభ్యసించుట నన్ను కలచివేయుచున్నది.

ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న ఈ ఆటను నిషేధించెను గాని, ఆ యాజ్ఞ దేశభద్రతను గూర్చినది. బిడ్డల మేలు అందులోని విషయము కాదు. మరుసటి యేడు జూలైలో అది 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' యను పేరుతో వచ్చెను. 2022 జూలైలో మరల ఆపిరి, 2023 మేలో మరల వచ్చెను. కొత్త రూపమున నెత్తురునకు పచ్చరంగు పూసిరి. 'కిల్' అను మాట తీసి 'ఫినిష్' అని పెట్టిరి. పదునెనిమిదేండ్లు నిండనివారికి రోజునకు మూడు గంటలని హద్దు విధించిరి. బడికి పోవు పిల్లవానికి మూడు గంటలు మితమా? ఇక నెత్తురు పచ్చనైనంత మాత్రమున పడిపోయినవానికి ఒక తల్లి యుండునన్న తలంపు ఆడువానికి కలుగదు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి యిది. ఫోను లాగికొని పోట్లాడుటకు మునుపు, ఒక్క ఆట ముగియువరకు బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. పెట్టెగా మారినవాడెవడని, వాని యింటిలో నెవరుందురని అడుగుడు. వాడు నవ్వినను అడుగుడు. రాబోవు సెలవులలో తిక్కనగారి స్త్రీపర్వమును వానికి చదివి వినిపింపుడు. పద్యము కొరుకుడు పడనిచో కథగానైనను, గాంధారి యేడ్పును విడువక, చెప్పుడు.