ఇంటికో బస్తా శనగలు ఉంచుకుందాం

మాఘమాసం వచ్చిందంటే నల్లరేగడి పల్లెల్లో శనగ కళ్లాలు మొదలవుతాయి. నంద్యాల, కోయిలకుంట్ల వైపు ఏ ఊరికి పోయినా కాటాలు, బస్తాలు, లారీలే. రబీలో అక్కడి రైతుకు ఆధారం ఈ పంటే. అయితే రైతు సోదరులను ఒక మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. కళ్లం నుంచి మన వంటింటికి చేరుతున్నవి ఎన్ని కిలోలు?

మా ఇంటి సంగతే చెబుతా. ఒక ఏడు నాలుగెకరాల శనగ పండించి, గింజ మిగల్చకుండా కళ్లంలోనే అమ్మేశాం. శ్రావణమాసంలో వాయనాలకు శనగలు అంగడిలో కొన్నాం. "పండించినోళ్లకు కొనే ఖర్మ ఏందిరా?" అని మా అమ్మ అడిగితే నోట మాట రాలేదు.

అప్పులాయన కళ్లం దగ్గరే కూర్చుంటే ఏం దాచుకుంటాం అంటారు. నిజమే. కానీ లెక్క చూడండి. మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి ఏడాదికి 73 కిలోలు చాలు. 2024-25 రబీ శనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. ఆ ధరకు 73 కిలోలంటే నాలుగు వేల పైచిలుకు. పిల్లల బిస్కెట్లు, చిప్సు పొట్లాలకు రోజుకు పది రూపాయలు పోసినా ఏడాదికి 3,650 అవుతుంది. వాటితో పిల్లల ఒంటికి పట్టేదేముంది?

వంద గ్రాముల శనగల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇనుము, పీచు, ఫోలిక్ ఆమ్లం అదనం. పొద్దస్తమానం చేలో వంగి పనిచేసే ఆడవాళ్లకు, ఎదిగే ఆడపిల్లలకు రక్తం తక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. గుగ్గిళ్ల మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. జొన్నరొట్టెలోకి శనగల కూర చేసుకుంటే ఒకదానిలోని కొరత రెండోది తీరుస్తుంది.

గ్యాసు పడుతుందని కొందరి భయం. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి తింటే ఆ బాధ తగ్గుతుంది. మొదట గుప్పెడుతో మొదలుపెట్టాలి. ఇక దాచే గింజకు పుచ్చు పట్టకుండా, పంటి కింద టక్కున విరిగేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోయాలి.

ధర పెరిగినా, తరిగినా ఇంట్లో ఉన్న గింజ ఆకలి తీరుస్తుంది. ఈసారి కాటా ఎక్కించే ముందు ఒక బస్తా పక్కకు జరపండి. అది ఇంటి వాటా. వ్యాపారి లెక్క ఆ తర్వాతే.