ఆరోగ్య దీపిక: మందుకూ మందుకూ పొసగనప్పుడు

గత సంచికలో రక్తపోటును గురించి వ్రాసిన తరువాత పలువురు ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు: "రోజూ వాడే మాత్రలతోపాటు జ్వరానికో, నొప్పులకో వేరే మందు వేసుకోవచ్చునా?" దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల ఈ నెల శీర్షికను ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ముందుగా మా దృష్టికి వచ్చిన ఒక సంఘటనను చెప్పవలసి ఉన్నది. ఒక ఉద్యోగి తండ్రిగారికి గుండె కవాటం మార్పిడి జరిగింది. కృత్రిమ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఆయన ప్రతిరోజూ వార్ఫరిన్ సేవిస్తున్నారు. మోకాళ్ళ నొప్పులు బాధించగా, తెలిసినవారు చెప్పిన డైక్లోఫెనాక్ మాత్రలను దుకాణంలో కొని వారం రోజులు వాడారు. మలం తారువలె నల్లగా రావడంతో ఇంటివారు కంగారుపడి ఆసుపత్రికి తీసుకొనివచ్చారు. జీర్ణకోశంలో రక్తస్రావం జరుగుతున్నదని తేలింది. సకాలంలో చికిత్స అందినందున ప్రాణాపాయం తప్పింది. "అది గుండె మందు, ఇది మోకాలి మందు, రెంటికీ సంబంధం ఏముంటుందనుకున్నాను డాక్టరుగారూ" అని ఆ పెద్దాయన అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది.

పొరపాటంతా ఆ మాటలోనే ఉన్నది. మన సంస్థలో ఉన్నట్లు శరీరంలో మందులకు వేరువేరు విభాగాలు లేవు. ఏ అవయవం కోసం మింగినా మాత్ర రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. మందులలో అధికభాగాన్ని విడగొట్టే కాలేయం ఒక్కటే. వాటిని వడపోసి బయటకు పంపే మూత్రపిండాలూ అవే.

మందుల మధ్య వైరుధ్యం

ఇది ముఖ్యంగా మూడు విధాలుగా కలుగుతుంది. మొదటిది, కడుపులోనే ఒకటి మరొకదానిని పట్టివేయడం. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్కులను ఐరన్, కాల్షియం మాత్రలతోగాని, యాంటాసిడ్‌తోగాని కలిపి మింగితే మందు రక్తంలోనికి సరిగా చేరదు. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ విషయం కూడా ఇంతే. దానికీ, ఐరన్ లేదా కాల్షియం మాత్రలకూ నాలుగు గంటల వ్యవధి ఉండాలి.

రెండవది కాలేయంలో జరుగుతుంది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, వార్ఫరిన్ విడిపోవడాన్ని అడ్డుకొని రక్తస్రావానికి దారితీయవచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇందుకు భిన్నంగా, అనేక మందులను త్వరగా ఖర్చు చేయిస్తుంది. ఈ చికిత్సలో ఉన్న స్త్రీలు గర్భనిరోధక మాత్రలను మాత్రమే నమ్ముకొనరాదు. వైద్యుని అడిగి వేరే పద్ధతిని అనుసరించాలి.

మూడవది, రెండు మందుల ప్రభావాలు ఒకదానిపై ఒకటి చేరడం. పైన చెప్పిన పెద్దాయనకు జరిగినది ఇదే. క్రోసిన్, డోలో పేర్లు వేరైనా రెండూ పారసిటమాలే. జలుబు మాత్రలు చాలావాటిలోనూ అదే ఉంటుంది. మూడింటినీ కలిపి వాడితే మోతాదు మితిమీరి కాలేయం దెబ్బతినవచ్చు. నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయి. కొన్ని రక్తపోటు మందులతో కలిసినపుడు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఛాతీ నొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్‌ను ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. రక్తపోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఈ విషయాన్ని వైద్యుని వద్ద సిగ్గుపడి దాచడం తగదు.

ఆహారం విషయంలో

కెనడాకు చెందిన డేవిడ్ బెయిలీ, ఆయన సహచరులు ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుకూ మద్యానికీ గల సంబంధాన్ని పరిశీలిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. రక్తంలో మందు ఊహించిన దానికంటె ఎక్కువగా కనిపించింది. కారణం ఆ పండ్ల రసమేనని 1991లో ప్రకటించారు. గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టమైన మన పంపరపనసలోనూ అటువంటి పదార్థాలున్నాయి. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవారు ఈ పండ్ల విషయమై వైద్యుని అడగాలి.

వార్ఫరిన్ వాడేవారు పాలకూర, తోటకూర పూర్తిగా మానవలసిన పనిలేదు. ఒక వారం మానివేసి, మరొక వారం ప్రతిపూటా తినడం మంచిది కాదు. ఎప్పుడూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి. థైరాక్సిన్‌ను పరగడుపున నీళ్ళతో వేసుకొని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్ మాత్రను టీతో మింగరాదు. మూత్రపిండాల జబ్బు ఉండి, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటివి వాడేవారికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదకరం కావచ్చు. "చెట్టు మందే కదా" అని అతిమధురాన్ని రోజుల తరబడి వాడితే రక్తపోటు పెరగవచ్చు.

మద్యం విషయంలో

మధుమేహానికి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు భోజనం చేయకుండా మద్యం సేవిస్తే రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడడం, మగత దీని లక్షణాలు. చూచేవారు "తాగి పడుకున్నాడు, తెల్లవారితే లేస్తాడు" అని వదలివేస్తారు. ఆ మనిషి లేవకపోవచ్చు. స్పృహ ఉంటే వెంటనే చక్కెర తినిపించండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తరలించండి. నిద్రమాత్రలు, మగత కలిగించే జలుబు మందులు మద్యంతో కలిస్తే మత్తు ఎన్నోరెట్లు పెరుగుతుంది. వాహనాలు, క్రేన్లు నడిపేవారు, రాత్రి షిఫ్టులో యంత్రాల వద్ద పనిచేసేవారు దీనిని విశేషంగా గమనించాలి.

మీరు చేయవలసినది

కుటుంబంలో ప్రతి ఒక్కరికీ ఒక చీటీ తయారుచేయండి. వాడుతున్న మందు పేరు, మోతాదు, వేళ, సూచించిన వైద్యుని పేరు వ్రాయండి. దుకాణంలో అడిగి కొన్నవి, ఆయుర్వేదం, హోమియో, బలం మాత్రలు కూడా చేర్చండి. సంస్థ ఆసుపత్రికి వచ్చినా, బయట నిపుణుల వద్దకు వెళ్ళినా ముందుగా ఆ చీటీ చూపండి. ప్రతి వైద్యుడూ తాను వ్రాసిన మందులనే చూడగలడు. అన్నిటినీ కలిపి చూపగలిగేది మీరు మాత్రమే.

ఈ వ్యాసం చదివి భయపడి వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపవద్దు. ఆపడం వల్ల కలిగే హాని ఒక్కొక్కప్పుడు ఇంకా పెద్దది. సందేహం ఉంటే మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకొని మా వద్దకు రండి. కూర్చొని ఒక్కొక్కటిగా చూద్దాము.

వచ్చే సంచికలో వేసవి ఎండలలో పనిచేసేవారు తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి ముచ్చటించుకుందాము.