చర్చిల జాబితా మేము రాసివ్వము



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘపెద్దలలో ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. వచ్చే నెలలో వారి అబ్బాయి పెళ్లి. "అయ్యగారూ, పెళ్లయ్యాక పిల్లలిద్దరినీ మద్రాసు పంపిస్తున్నాము. చూడవలసిన చర్చిలన్నీ వరుసగా రాసివ్వండి. ఒక్కరోజులో అయిపోవాలి, లాడ్జీ ఖర్చు మిగులుతుంది" అన్నారు. మేము రాసివ్వలేదు. కాగితం మాత్రం ఉంచుకున్నాము. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నారు. మందిరం వాకిట్లో నిలబడి చెప్పే మాట కాదు కనుక ఇక్కడ రాస్తున్నాము. వాళ్ల అమ్మాయి ఫోనులో చదివి వినిపిస్తుందిలెండి.

ఆ జాబితా మాకు కంఠస్థమే. 2006 మే నెలలో, పెళ్లయిన ఆరో రోజున, పాస్టరమ్మగారూ మేమూ ఆ జాబితా ప్రకారమే తిరిగాము. అప్పటికి ఎవరూ మమ్మల్ని అయ్యగారని గాని అమ్మగారని గాని పిలిచేవారు కాదు. మద్రాసులో బంధువుల ఇంట్లో దిగాము. రెండే గదులు. రాత్రి ఆడవాళ్లంతా లోపల, మగవాళ్లంతా హాల్లో. కొత్త జంట అని ఎవరికీ తోచలేదు. మాకు చెప్పడానికి సిగ్గు.

తెల్లారగానే శాంథోమ్. అపొస్తలుడైన తోమా సమాధి మీద కట్టిన ఆలయం అది. ఇప్పుడున్న తెల్లటి కట్టడం 1896 నాటిది. కింద సమాధి ఉన్న చిన్న గదిలో ఒక ముసలమ్మ మోకాళ్ల మీద ఏడుస్తూ ప్రార్థిస్తోంది. మేము ఆమె వెనక నిలబడి గడియారం చూసుకున్నాము. ఎందుకంటే ఇంకా రెండు ఉన్నాయి. వెనక సముద్రం వైపున్న స్తంభం దాటి నీళ్లు రావని తోమా చెప్పాడనీ, సునామీ అక్కడే ఆగిందనీ చెబుతుంటే సగం విని ఆటో ఎక్కాము.

మిట్టమధ్యాహ్నానికి సైదాపేట దగ్గర చిన్నమలై. తోమా దాక్కున్నాడని చెప్పే గుహ. లోపలికి వంగి వెళ్లాలి. వంగడం మరిచినవారి నుదురు బొప్పి కట్టింది. అన్నం తినలేదు. పెళ్లికి కొన్న చెప్పులు మడమ కొరికేశాయి.

ఆ తరువాత పరంగిమలై. మే నెల, మూడు గంటల ఎండ. నూట ముప్పైకి పైగా మెట్లు. సగం మెట్లెక్కాక మాలో ఒకరు "కాసేపు కూర్చుందాం" అన్నారు. ఇంకొకరు "ఇంకెంత, పైకి వెళ్లి కూర్చోవచ్చు" అని ముందుకు నడిచారు. ఎవరు ఏది అన్నారో మమ్మల్ని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. వెనక మిగిలినవారు చెప్పులు చేత పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, కాలే రాళ్ల మీద ఎక్కారు. పైన 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ ఉంది. ఎంతమంది ఎంత దూరం నుండి వస్తారో దాన్ని చూడటానికి! మేము దాని ముందు రెండు నిమిషాలు నిలబడ్డాము. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అరువు కెమెరాతో తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ఇంట్లో ఉంది. మా ఇద్దరి మధ్యన ఇంకో మనిషి నిలబడేంత చోటు ఉంది.

ఆ రోజంతా మేము ఒక్క ప్రార్థన చేయలేదు. మూడు పరిశుద్ధ స్థలాలు చూశాము, మా కాపురంలో మొదటి పోట్లాట పోట్లాడుకున్నాము. ఊరికి తిరిగి వస్తే అందరూ అడిగింది ఒక్కటే: "ఏమేం చూశారు?" అన్నీ చూశామని చెప్పాము. అందరూ సంతోషించారు.

ఆ తిరుగుడుకు మనం పెట్టుకున్న పేరు భక్తి. మేము మాత్రం దాన్ని సిగ్గు అంటాము. మనవాళ్లకు హనీమూన్ అనే మాట నోట రాదు. అది లోకస్థుల పని అని మన భయం. అందుకని కొత్త జంటను పంపేటప్పుడు దాని మీద నాలుగు చర్చిల ముసుగు కప్పుతాము. ఎవరైనా అడిగితే "దేవుని సన్నిధులు చూసి రావడానికి వెళ్లారు" అని చెప్పుకోవచ్చు. ఆ మాట అనిపించుకోవడం కోసం ఇద్దరు పిల్లలను ఎండలో తిప్పుతున్నాము.

దేవునికి ఆ సిగ్గు లేదు. ద్వితీయోపదేశకాండము 24:5 తెరిచి చూడండి. కొత్తగా పెళ్లయినవాణ్ణి యుద్ధానికి పంపకూడదు, వేరే ఏ పనీ అతని మీద పెట్టకూడదు, ఏడాదిపాటు ఇంట ఉండి తాను చేసుకున్న భార్యను సంతోషపెట్టాలి అని ఆజ్ఞ. ఏడాది! మనం ఇచ్చేది మూడు రోజులు. ఆ మూడు రోజుల్లోనూ పని పెట్టి పంపుతాము.

"అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి తోమా సమాధి చూడకుండా వస్తారా?" అంటారు. చూడాలని ఎంత ఆరాటం! చూస్తేనే నమ్ముతానన్న తోమాకు ప్రభువు ఏం చెప్పాడో యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. అదే సువార్త 4వ అధ్యాయం కూడా చదవండి. ఈ కొండ మీదనా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ అడిగింది. ప్రభువు ఈ చోటని గాని ఆ చోటని గాని చెప్పలేదు. ఆ మాటలు జరిగేటప్పుడు ఆయన ఎక్కడున్నాడు? ప్రయాణం వల్ల అలసి బావి దగ్గర కూర్చుని ఉన్నాడు. దేవుని కుమారుడే అలసిపోయి కూర్చున్నాడు. ఆ మెట్ల మీద మాలో ఒకరిని మాత్రం కూర్చోనివ్వలేదు.

చర్చిలు చూడటం తప్పు అని మేము అనడం లేదు. కథోలిక సహోదరుల స్థలాలను కించపరచడమూ లేదు. 18వ శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు పరంగిమలై మెట్లు తన సొమ్ముతో కట్టించాడు. సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కూడా కట్టించాడు. వచ్చేవారి కాళ్ల నొప్పి తెలిసిన మనిషి. మన జాబితాలు రాసేవారికి అది తెలియదు. చూడదలిస్తే ఒక్కటి చూడండి, అక్కడ గంటసేపు కూర్చోండి. మిగతావి పిల్లలు పుట్టాక చూడవచ్చు. తోమా సమాధి ఎక్కడికీ పోదు.

ఇక మా తప్పు ఒప్పుకోవాలి. ఇంత తెలిసీ పోయిన ఏడు మన సంఘంలో ఒక జంటకు మేమే జాబితా రాసిచ్చాము. అడిగితే కాదనలేకపోయాము. ఇంకో మాట దాచకుండా చెప్పాలంటే, పాస్టరు గారికి ఎన్ని తెలుసో అనిపించుకోవాలని కూడా. మూడు రోజులు, ఆరు చర్చిలు, వేలాంకణ్ణితో సహా. తిరిగి వచ్చిన వారానికే ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లి నెల ఉండిపోయింది. కారణాలు చాలా ఉంటాయి, అన్నీ ఆ యాత్ర మీద తోయము. కాని పాస్టరమ్మగారితో ఆ బిడ్డ అన్న మాట మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర లేకుండా చేసింది. "అమ్మగారూ, ఆయన పక్కన నెమ్మదిగా కూర్చున్నది బస్సులోనే. అప్పుడు ఆయన నిద్రపోతున్నాడు." దేవుని కృప, ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. వారి అనుమతితోనే ఈ మాట రాస్తున్నాము.

అన్నగారూ, మీ కాగితం ఈ సాయంత్రం తిరిగి పంపుతున్నాము. దాని మీద ఇంతే రాశాము: బంధువుల ఇల్లు వద్దు. రెండు రాత్రులకు వేరే గది. తలుపుకు లోపల గడియ ఉండాలి. ఖర్చు ఎక్కువైతే సగం మేము పెట్టుకుంటాము. ఆ వారం ఆరాధనకు వాళ్లిద్దరూ కనబడకపోతే సంఘంలో ఎవరూ ఎందుకని అడగవద్దు. వచ్చాక ఏమేం చూశారని కూడా అడగవద్దు.